తువ్వాలు కింద బుడ్డిది

ఇప్పుడు బెంగళూరు ఆఫీసుల్లో పసిపిల్లల కోసమని వేరే గది ఉంటుందట. గోడల మీద ఏనుగు బొమ్మలు, కింద మెత్తటి పరుపు, పిల్లల్ని చూసుకోవడానికి ఒక ఆయా, ఆ ఆయా సరిగ్గా చూసుకుంటోందా లేదా అని చూసుకోవడానికి ఒక కెమెరా. మా ఆడపడుచు కూతురు ఫోన్‌లో ఆ గది చూపిస్తే కళ్ళు పెద్దవి చేసుకుని చూశాను గానీ లోపల నాకు నవ్వొచ్చింది. మా బుడ్డిదానికి పాలపళ్ళు కూడా రాని ఆ రోజుల్లో దాన్ని చంకనేసుకుని నేను పనికి పోయిన చోట కూడా ఇట్లాంటి గది ఒకటి ఉండేది. దాని గోడలు మామిడికాయల క్రేట్లు. పొద్దున మూడు గోడలుండేవి. బేరాలు బాగా సాగితే మధ్యాహ్నానికి ఒకటి మిగిలేది, సాయంత్రానికి గదంతా లారీ ఎక్కి ఢిల్లీకి పోయేది. సాగకపోతే గది చెక్కుచెదరకుండా ఉండేది, మేమే చెదిరిపోయేవాళ్ళం.

బిడ్డను పనికి తీసుకుపోవడం మా పుట్టింటి వైపు ఎవరికీ తెలియని విద్య. నేను కేజీఎఫ్‌లో పుట్టినదాన్ని. మా తాత చిత్తూరు వైపు పల్లె నుంచి వచ్చి బంగారు గనిలో చేరాడు, మా నాయన కూడా ఆ గనిలోనే దిగాడు. నేల కింద ఎంతో లోతున పని. అక్కడికి బిడ్డ మాట అటుంచి, అమ్మ కట్టిచ్చిన అన్నం కూడా వేడిగా చేరేది కాదు. నాయన షిఫ్టు నుంచి వచ్చి మమ్మల్ని ఎత్తుకోబోతే "ముందు నీళ్ళు పోసుకోని రా, బిడ్డకు మట్టంటిస్తావు" అని అమ్మ అడ్డం పడేది. అందువల్ల పని అంటే మనిషి ఇంట్లోంచి మాయమై, అలిసిపోయి తిరిగొచ్చేది అనే నాకు తెలుసు. అలాంటి నన్ను శ్రీనివాసపురంలో రైతుల కాయలు అమ్మిపెట్టే మామిడి మండీ ఉన్న ఇంటికి ఇచ్చారు. పెళ్ళికి ముందు రోజూ తెల్లవారి రైలెక్కి బెంగళూరు పోయి ఒక కంపెనీలో లెక్కలు రాసిన బీకాం పట్టభద్రురాలిని (ఈ మాట మా ఆయన ముందు నేను ఇప్పటికీ నిండుగా పలుకుతాను) తీసుకొచ్చి, రెండేళ్ళు ఊరగాయ ముక్కలు కోయించారు. ముక్కలన్నీ ఒకే సైజులో కోసేదాన్ని, అదొక్కటే నా చదువుకు దక్కిన ఉపయోగం.

ఆ ఏడు సీజన్ మొదలయ్యే వారంలో మా ఇంట్లో మగవాళ్ళు వరసగా పడిపోయారు. ముందు మా ఆయన. "మండీలో తొక్కలు పారేయరాదు" అని ఎర్ర రంగుతో బోర్డు రాయించిన మనిషి, సరిగ్గా ఆ బోర్డు కిందే తొక్క మీద కాలేసి, తుంటి దాకా కట్టు కట్టించుకుని మంచమెక్కాడు. అదే వారం మా మామకు కంటి ఆపరేషన్ అయింది. దుమ్ములోకి పోకూడదని డాక్టరు చెప్పడంతో, నల్లద్దాలు పెట్టుకుని వసారాలో కూర్చుని, వీధిలో పోయే ప్రతి లారీ చప్పుడుకీ అది ఎవరి మండీకి పోతోందో ఊహించి తిట్టేవాడు. మండీ మూతపడే పరిస్థితి. మామకు వరసకు తమ్ముడు ఒకాయన ఉండేవాడు, మా ఎదురుగానే ఆయన మండీ, ఊళ్ళో అందరూ ఎదురుమండీ చిన్నాయన అంటారు. సీజనంతా మా మండీ కూడా తనే చూసుకుంటానని, తాళంచెవి ఇమ్మని ఆయన రెండుసార్లు ఆపిల్ పండ్లు తీసుకుని పలకరించడానికి వచ్చాడు. మామిడి వ్యాపారి ఆపిల్ పండ్లు తెచ్చాడంటే మనసులో ఏదో ఉందనే కదా అర్థం.

"నేను పోతాను మామా" అన్నాను. అందరికంటే ముందు మంచం మీంచి మా ఆయనే తేరుకున్నాడు.

"దానికి బేరమంటే ఏం తెలుసు నాయనా?"

"తొక్క మీద కాలు పెట్టకూడదని మీకు తెలుసు కదా, ఏమయింది?" అన్నాను.

మామ నల్లద్దాలు నా వైపు తిప్పాడు. "సరేమ్మా. బైరకూరు పెద్దాయన తోట నుంచి రసపూరి కాయల లోడు రేపు వస్తాది. ఆ లోడు నువ్వు అమ్మితే ఈ సీజన్ మండీ నీది. అమ్మలేకపోతివా, ఇంగ మాట లేదు, తాళంచెవి వానికి ఇచ్చేస్తా. నాకు కండ్లు లేవు, వీనికి కాలు లేదు, ఎట్లన్నా ఈ సీజన్ దాటించల్ల."

పాప సంగతి నేను అడగకముందే అత్త మగవాళ్ళిద్దరి వైపూ చెయ్యి చూపి తేల్చేసింది. "ఈ ఇద్దరు బిడ్డల్ని నేను సాకుతా. నీ బిడ్డను నువ్వు ఎత్తుకుపో. మూడో బిడ్డను సాకేకి నా నడుములో సత్తువ లేదు." బుడ్డిది సీసాపాలు తాగేది కాదు, సీసా చూస్తే సాక్షాత్తూ మా మామలాగే మొహం పెట్టేది. అందువల్ల మరునాడు పొద్దున్నే నేను, బుడ్డిది, ఒక సంచీడు గుడ్డలు, అత్త గంజి పెట్టిచ్చిన ఆకుపచ్చ తువ్వాలు ఒకటి మండీకి బయలుదేరాం.

మండీలో హమాలీలకు పెద్ద మా మీసాల మేస్త్రీ. చంకలో బిడ్డను చూసి ఒక్క ప్రశ్న కూడా అడగకుండా ఖాళీ క్రేట్లు, నిండు క్రేట్లు పేర్చి మూలన ఒక గది కట్టేశాడు. లోపల ఒక క్రేటులో గడ్డి పరిచి దాని మీద నా పాత చీర మడతపెట్టి బుడ్డిదానికి పడక చేశాడు. నేను లోపల పాలిస్తుంటే హమాలీలందరూ గోడకు వీపు తిప్పి నిలబడి, అవసరం లేకపోయినా గట్టిగట్టిగా రాజకీయాలు మాట్లాడేవాళ్ళు, పాపం, నాకు సిగ్గనిపించకూడదని. రోజూ పొద్దున బుడ్డిదాన్ని క్రేటుతో సహా కాటా మీద పెట్టి, క్రేటు బరువు తీసేసి తూకం చెప్పేవాడు మేస్త్రీ. మొదటిరోజు తూచి, దాని బుగ్గ నొక్కి చూసి "కాయ పచ్చిదక్కా, ఇంగా మాగల్ల" అన్నాడు.

బైరకూరు పెద్దాయన ట్రాక్టరు దిగి లోపలికొచ్చి నన్ను చూసి, నా వెనక ఎవరైనా ఉన్నారేమో అని చూశాడు.

"మీ మామ యాడమ్మా?"

"ఇంట్లో అద్దాలు పెట్టుకోనుండాడు పెద్దాయనా."

"మీ ఆయప్ప?"

"కాలు చాపుకోనుండాడు."

"మరి మండీలో ఎవరుండారు?"

"నేనుండాను కదా."

ఆయన నన్ను చూశాడు, బుడ్డిదాన్ని చూశాడు, తన లోడు చూసుకున్నాడు. "రసపూరి తల్లీ. తోతాపురి అయితే పదిరోజులైనా మూలన పడుంటాది. దీనికి తాళిమి లేదు. రేపు సాయంత్రం దాటితే నా ఏడాది కష్టం రసమై కారిపోతాది" అన్నాడు. ఆ రసపూరికి తాళిమి లేదో ఆయనకు లేదో గానీ, రోజంతా ఆయన ఆ క్రేట్ల పక్కనే కూర్చున్నాడు.

ఇక మా మండీల్లో బేరం జరిగే పద్ధతి చెప్పాలి. ధర నోటితో ఎవరూ చెప్పరు. అమ్మేవాడి చెయ్యి, కొనేవాడి చెయ్యి కలిపి వాటి మీద తువ్వాలు కప్పుతారు. కొనేవాడు తను ఇవ్వగల ధరకు తగినన్ని వేళ్ళు అమ్మేవాడి అరచేతిలో పెడతాడు. చాలదనుకుంటే అమ్మేవాడు ఇంకో వేలు లాగుతాడు. ఇష్టం లేకపోతే కొనేవాడు ఆ వేలు వెనక్కి గుంజుకుంటాడు. గుంజులాట ఆగి ఇద్దరూ గట్టిగా పట్టుకున్నారంటే బేరం కుదిరినట్టు. ఇదంతా జరుగుతున్నంతసేపు ఇద్దరి మొహాలూ పెళ్ళిలో ఫోటోకు నిలబడ్డ మొహాల్లా ఉండాలి. మధ్యలో తువ్వాలు ఎత్తినవాడు మాట తప్పినవాడు, ఇంక ఆ సీజన్లో వాడి చేతిని ఎవరూ పట్టుకోరు. "నాలుగు వేళ్ళకు తగ్గొద్దు" అని మామ ఇంట్లో నాకు పాఠం చెప్పి పంపాడు. అంతా చెప్పాడు గానీ, ఆ చెయ్యి ఆడమనిషిదైతే ఏం చెయ్యాలో చెప్పలేదు. అది ఆయనకు తట్టలేదు, నాకూ తట్టలేదు.

పాన్ సేటుకు మాత్రం వెంటనే తట్టింది. ఆయన ఏటా సీజనుకు ఉత్తరాది నుంచి వచ్చి లాడ్జీలో దిగి లారీల కొద్దీ కాయ కొనేవాడు. తెలుగు మా హమాలీల దగ్గర నేర్చుకున్నాడు కాబట్టి, మర్యాదగా మాట్లాడాల్సి వస్తే పాపం ఆయనకు మాటలు దొరికేవి కావు. రసపూరి చూసి కళ్ళు మెరిశాయి. నేను తువ్వాలు కప్పుకుని చెయ్యి చాపాను. కరెంటు తీగ చూసినట్టు వెనక్కి జరిగాడు.

"నై అమ్మా. నీ చెయ్యి నేను పట్టుకుంటే, ఊళ్ళో మా ఆమె నన్ను పట్టుకుంటుంది."

"అయితే నోటితో చెప్పండి" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళంతా నేనేదో అనకూడని మాట అన్నట్టు నేల చూపులు చూశారు. పోనీ ఫోన్‌లో రాసి పంపమన్నాను. "ఫోన్‌లో రాస్తే ఇంకో పదిమందికి పోతుంది. చెయ్యి నుంచి ఎవరికీ ఫార్వర్డ్ కాదు" అన్నాడు. అదీ నిజమే. మేస్త్రీని మధ్యలో చెయ్యి పెట్టమన్నాను. "సేటు నా చెయ్యి పట్టుకుంటే సరే. ఆ మింద నీ చెయ్యి నేను పట్టుకోవల్ల కదక్కా, మీ మామ నన్ను కాటాకు తగిలిస్తాడు" అని తప్పుకున్నాడు. వచ్చిన కొనుగోలుదారులందరిదీ అదే కథ. అందరూ నా మీద ఎంతో గౌరవం చూపించారు, ఒక్కరూ కాయ కొనలేదు. ఆ గౌరవంతో నా కడుపు మండిపోయింది. సాయంత్రం ఎదురుమండీ చిన్నాయన వక్కపొడి నములుతూ వచ్చి, చెక్కుచెదరని నా క్రేట్ల గోడలు తట్టి చూశాడు. "గది బాగుండాదమ్మా. పర్మనెంటా?" అన్నాడు.

ఆయన పోయాక ఆ గదిలో కూర్చుని బుడ్డిదానికి పాలిస్తూ ఏడ్చాను. పొద్దున గట్టిగా ఉన్న కాయలు అప్పుడే వాసన వెయ్యడం మొదలుపెట్టాయి. మామూలప్పుడు ఆ వాసన వస్తే ప్రాణం లేచొస్తుంది, ఆ రోజు మాత్రం నా పరువు మాగుతున్న వాసనలా అనిపించింది. నాకు ఆ మండీ కావాలి. పొద్దున్నే లేచి ఇల్లు దాటి పోవడానికి ఒక చోటు, నేను చెప్తే జరిగే పని ఒకటి, అదీ నా బిడ్డ నా చంకలో ఉండగానే. అంత గట్టిగా దేన్నీ నేను అంతకుముందు కోరుకోలేదు, మా ఆయనతో సహా.

మరునాడు పొద్దున సేటు మళ్ళీ వచ్చాడు. వాసన ఆయన్ని లాగి ఉంటుంది. క్రేట్ల చుట్టూ తిరుగుతాడు, ఒక కాయ ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుంటాడు, నా చెయ్యి చూస్తాడు, నిట్టూరుస్తాడు. బైరకూరు పెద్దాయన మా ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తున్నాడు. ఎదురుమండీ చిన్నాయన తన గుమ్మంలో కుర్చీ వేసుకుని మరీ చూస్తున్నాడు. నా చంకలో బుడ్డిది తువ్వాలు కొస పట్టుకుని గుంజి, తల మీద కప్పుకుని, లోపల కిచకిచలాడింది. అది దానికి ఇష్టమైన ఆట. సేటుకు ఊళ్ళో మనవలు, మనవరాళ్ళు ఉన్నారట, ఆయనా ఉండబట్టలేక తువ్వాలు ఎత్తి "బూ" అన్నాడు. అది నవ్వింది. ఆయన మళ్ళీ "బూ" అనబోయి, ఆగి, నా వైపు చూశాడు.

"అమ్మా, పాప చెయ్యి పట్టుకుంటే తప్పు లేదు కదా?"

ఇంత చిన్న సంగతి ముందురోజు పొద్దున ఎవరికీ తట్టలేదు. బుడ్డిదాని కుడిచేతిని నా ఎడమ అరచేతిలో పెట్టుకున్నాను. సేటు పాప చేతిలో వేళ్ళు పెడతాడు, అవి ఎన్నో దాని చేతి కింద ఉన్న నా చేతికి తెలుస్తాయి, చాలకపోతే పాప వేళ్ళతో నేను ఆయన వేలు లాగుతాను. మేస్త్రీ వచ్చి తువ్వాలు సర్ది కప్పాడు. హమాలీలు మూటలు దించి నిలబడ్డారు. సేటు మొహం పెళ్ళిఫోటోకు సిద్ధం చేశాడు, నేనూ చేశాను.

సేటు మూడు వేళ్ళు పెట్టాడు. నాలుగోది, అదే చిటికెన వేలు, గట్టిగా మడిచి పెట్టుకున్నాడు. ఇంక నేను దాన్ని లాగాలి. ఎట్లా లాగాలా అని ఆలోచిస్తుండగానే బుడ్డిది తన రెండో చెయ్యి కూడా తువ్వాలు కిందికి దూర్చింది. బయట పెట్టిన మూడు వేళ్ళనీ అది లెక్కలోకే తీసుకోలేదు. దాచిపెట్టిన వేలు ఎక్కడుందో వెతికి, రెండు చేతులతో పట్టి బయటికి లాగింది. సేటు వెనక్కి గుంజుకున్నాడు. ఇది ఆటనుకుని అది ఇంకా గట్టిగా పట్టుకుంది. ఆయన మెల్లగా గుంజితే అది నవ్వుతుంది, గట్టిగా గుంజబోతే పెదవి విరుస్తుంది. ఏడిపించడానికి ఆయనకు మనసు రాదు, తువ్వాలు ఎత్తి విడిపించుకోవడానికి పద్ధతి ఒప్పుకోదు. ఇంతలో బుడ్డిది తల కూడా తువ్వాలు కింద పెట్టేసింది. సేటు పెళ్ళిఫోటో మొహం చెదిరిపోయింది.

నాకు భయం పట్టుకుంది. "సేటూ, అది నేను లాగడం కాదు, పాపే" అన్నాను.

"తెలుసు అమ్మా. చిగుళ్ళతో కొరుకుతోంది. నీకైతే పళ్ళుంటాయి కదా" అన్నాడు సేటు.

"వదిలిపించమ్మా మరి, పసిబిడ్డ పట్టు బేరమెట్లయితాది?" అని గుమ్మంలోంచి ఎదురుమండీ చిన్నాయన కేకేశాడు. రెండు రోజులుగా క్రేట్ల పక్కనే కూర్చున్న బైరకూరు పెద్దాయన అప్పుడు లేచాడు. "తువ్వాలు కింద పట్టింది ఎవరని చూసేది మన పద్ధతిలో లేదప్పా. వేలు బయటికి వచ్చిందా, పట్టు పడిందా, అదే బేరం" అన్నాడు. మేస్త్రీ మీసం సర్దుకుని, గోడ మీద వాడిన దండ వేసుకుని ఉన్న లక్ష్మి పటం వైపు చూసి, "సీజన్ బోణీ సేటూ. ఆడబిడ్డ. చూసుకో మరి" అన్నాడు.

సేటు పటం వైపు చూశాడు, తువ్వాలు కింద గుండ్రంగా ఉబ్బిన బుడ్డిదాని తల వైపు చూశాడు. గుంజడం మానేశాడు. కాసేపు అలాగే నిలబడ్డాడు, వేలు విడిపించుకోవాలన్న తొందరే లేనట్టు. తర్వాత నాలుగు వేళ్ళూ బిగించాడు.

"సరే" అన్నాడు.

"సరే అంటే? పాప అడిగినంతా?"

"పాప అడిగినంతే. ఇంక నా వేలు ఇప్పించు తల్లీ."

బేరం కుదిరినా బుడ్డిది వదల్లేదు. చివరికి సేటు జేబులోంచి వెండి పాన్ డబ్బా తీసి గలగలలాడిస్తే వేలు వదిలి డబ్బా పట్టుకుంది. ఆ డబ్బా కోసం మరునాడు వచ్చి, వచ్చిన పాపానికి ఇంకో లోడు కొన్నాడు ఆయన. ఆ మధ్యాహ్నం హమాలీలు నా గది గోడలు ఒక్కొక్కటే విప్పి లారీకెక్కించారు. పాలిచ్చే వేళకు చాటు లేక, మేస్త్రీ లారీ టార్పాలిన్ ఒకటి అడ్డం పట్టుకుని నిలబడి రాజకీయాలు మాట్లాడాడు. నా గది అమ్ముడుపోయిందని నేను లోపల కూర్చుని మళ్ళీ ఏడ్చాను, ఈసారి నవ్వుతూ. బైరకూరు పెద్దాయన పోతూ పోతూ బుడ్డిదాని తల మీద చెయ్యి పెట్టి, "వచ్చే లోడు కూడా నీ చేతికే తెస్తా" అన్నాడు. నాతో కాదు, దానితో.

తర్వాతి రెండు వారాలు శ్రీనివాసపురం మార్కెట్ చరిత్రలో ఎవరూ రాయకపోవడమే మంచిది. బుడ్డిదాని చేతి బోణీ అంటే లోడు తిరుగు లేకుండా పోతుందని పుకారు పుట్టింది. కొనేవాళ్ళు వరసలో నిలబడి దానికి వేళ్ళు అందించారు. ఎదురుమండీ చిన్నాయన ఊరుకుంటాడా, కోడలి మీద అరిచి మనవణ్ణి తెప్పించుకున్నాడు. వాడు బొద్దుగా, మంచి పట్టున్న పిల్లాడే గానీ, తువ్వాలు కిందికి ఏ చెయ్యి వచ్చినా బొటనవేలు వెతికి చీకేవాడు. మా లెక్కలో బొటనవేలికి ధర లేదు. దానికి ఎంత కట్టాలో తేలక మార్కెట్ పెద్దలు సగం పూట కూర్చుని వాదించుకున్నారు, మూడోరోజు వాడు ఒక పెద్ద కొనుగోలుదారు పంచె తడిపాక ఆ సమస్య దానంతటదే తీరింది. ఇంకో మండీవాళ్ళు కవలల్ని తెచ్చారు. ఒక్క లోడుకు రెండు ధరలు పలికాయి.

నెల తిరిగేసరికి బుడ్డిది మధ్యాహ్నం నిద్రపోయే వేళ ఒకరోజు సేటు ఏదో ధ్యాసలో వచ్చి, నా చేతిలోనే వేళ్ళు పెట్టి, బేరమాడి, బిగించి, లారీ దాకా పోయాడు. పోయి, పరిగెత్తుకుంటూ వెనక్కి వచ్చాడు. "తప్పు అయిందా అమ్మా?" అన్నాడు. "కాలేదు సేటూ, ఒక వేలు తక్కువైంది, అంతే" అన్నాను. అప్పట్నించీ మండీలో నాది ఆడమనిషి చెయ్యి కాదు, ఉత్త బేరం చెయ్యి.

మామ నల్లద్దాలు తీసేసిన రోజు నేరుగా మండీకి వచ్చాడు. మామ కోడలి చెయ్యి పట్టుకోవడం మా ఇంట్లో లేదు. అందుకని తువ్వాలు అడిగి తీసుకుని, బుడ్డిదాని చేతి మీద కప్పి, లోపల ఏదో పెట్టాడు. నేను వేళ్ళనుకున్నాను. బుడ్డిది చెయ్యి బయటికి లాక్కుని దాన్ని తిన్నగా నోట్లో పెట్టుకుంది. మండీ తాళంచెవి. నేను గబగబా తియ్యబోతే మామ వద్దన్నాడు. ఎదురుగా గుమ్మంలో కూర్చున్న తమ్ముడికి వినపడేటట్టు, "ఎంగిలయిపోయిందమ్మా. ఇంగ దాన్ని వేరేవాళ్ళకు ఎట్లిచ్చేది, మర్యాద కాదు కదా" అన్నాడు. మా ఆయన కాలు బాగై వచ్చేసరికి ఆయన కుర్చీలో బుడ్డిది కూర్చుని ఉంది. ఆయన తన బోర్డు తానే ఒకసారి చదువుకుని, లోడింగ్ చూసుకోవడానికి పోయాడు. ఇప్పటికీ అదే చూసుకుంటున్నాడు.

ఇప్పుడు సగం బేరాలు ఫోన్‌లోనే అయిపోతున్నాయి. గౌరవం కూడా ఫోన్‌లోనే పంపుతున్నారు, చేతులు జోడించిన బొమ్మ. ఆకుపచ్చ తువ్వాలు వెలిసిపోయి మండీలో మేకుకు వేలాడుతోంది. బుడ్డిది నాకంటే పొడుగైంది. దూరంగా, రాత్రంతా బస్సులో పోతే గానీ రాని ఊళ్ళో వ్యవసాయ కాలేజీలో సీటు వచ్చింది. నెలకు ఎన్నిసార్లు ఇంటికి రావాలనే దాని మీద మా ఇద్దరికీ వారం రోజులుగా గొడవ. మొన్న ఆదివారం మండీలో అది ఆ తువ్వాలు దులిపి తెచ్చి నా పక్కన కూర్చుని, మా చేతుల మీద కప్పింది. నా అరచేతిలో ఒక్క వేలు పెట్టింది. నేను రెండోది లాగాను. గుంజుకుంది. నేను వదల్లేదు.

"వదులుమా" అంది.

"నువ్వు సేటు వేలు వదిలినావా?" అన్నాను.

నవ్వి, రెండో వేలు ఇచ్చింది. నేను మూడోదాని కోసం వెతికాను, మడిచి గట్టిగా పెట్టుకుంది. ఇంత పెద్ద మార్కెట్‌తో ఏళ్ళ తరబడి బేరాలాడినదాన్ని, రెండు వేళ్ళకే ఒప్పుకుని బిగించాను. నా తెలివికి నాకే నవ్వొచ్చింది.

"కుదిరింది కదా, ఇంగ తువ్వాలు తియ్యిమా" అంది బుడ్డిది.

ఆనాడు సేటు అంతసేపు వేలు అలాగే ఉంచి ఎందుకు నిలబడ్డాడో నాకిప్పుడు తెలిసింది. "ఉండు" అన్నాను. "ఇంగా కుదరలేదు."